చిన్నపిల్లలకు సైకిల్ నేర్పడం ఎలా?

(మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాయమని కొందరన్నారు. ఆ విషయం నాకంటే బాగా రాసే అన్నలు మన హాస్టల్ నుంచి చాలామంది ఉన్నారు. అందుకని పోయిన దసరా సెలవుల్లో మా అక్క కూతురికి సైకిల్ నేర్పిన సంగతి రాస్తున్నాను. ఇదేం వ్యాసం అని నవ్వకండి. మనలో దాదాపు అందరం సైకిల్ తొక్కినవాళ్ళమే. కానీ తొక్కడం వేరు, నేర్పడం వేరు. ఆ తేడా తెలియక నేను మొదట్లో అన్నీ తప్పులే చేశాను. రేపు మీరు మీ చెల్లికో, తమ్ముడికో నేర్పేటప్పుడు ఆ తప్పులు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మనం నేర్చుకున్న తీరు

మా రోజుల్లో హాస్టల్లో సైకిల్ అంటే కమాటి అన్న సైకిలే. సంత నుంచి కూరగాయలు తెచ్చే పెద్ద నల్ల సైకిల్. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు కడిగే పనిలో సాయం చేసినవాళ్ళకు ఒక్కో రౌండు ఇచ్చేవాడు. నేను అప్పుడు ఐదో తరగతి. సీటెక్కితే కాళ్ళు అందేవి కావు. ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చెయ్యి సీటు మీదుగా వేసి, కడ్డీ కింది సందులోంచి కుడికాలు అవతలి పెడల్ మీద పెట్టి సగం సగం తొక్కేవాళ్ళం. మేం దాన్ని కత్తెర తొక్కుడు అనేవాళ్ళం. అలా తొక్కీ తొక్కీ ఒకరోజు కడ్డీ మీదికి, ఇంకో ఏడాదికి సీటు మీదికి చేరేవాళ్ళం.

నన్ను మొదటిసారి సీటు మీద కూర్చోబెట్టింది తొమ్మిదో తరగతి అన్న ఒకరు. వెనక క్యారియర్ పట్టుకుని "పట్టుకున్నాన్రా, తొక్కు" అన్నాడు. బోరింగు దాకా వెళ్ళాక "అన్నా, పట్టుకున్నావా?" అని అడిగితే, జవాబు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. వెనక్కి తిరిగి చూశాను. అంతే, బోరింగు గట్టు మీద పడ్డాను. ఆ మచ్చ ఇప్పటికీ మోకాలి మీద ఉంది. దెబ్బ రెండు వారాల్లో మానింది గానీ ఆ అన్న మాట మీద నమ్మకం మళ్ళీ కుదరడానికి చాలా రోజులు పట్టింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో వ్యాసం చివర్లో మీకే అర్థమవుతుంది.

నేను చేసిన తప్పులు

మా మేనకోడలికి ఆరేళ్ళు నిండాయి. దసరాకు ముందు మా బావ టౌన్లో పాత సైకిళ్ళు అమ్మే దుకాణం నుంచి 20 అంగుళాల చక్రాల సైకిల్ ఒకటి తెచ్చాడు. పదేళ్ళ వయసు దాకా పనికొస్తుందని ఆయన ఆలోచన. మనలాంటి ఇళ్ళలో చెప్పులు కొన్నా, చొక్కా కొన్నా అదే లెక్క కదా!

సీటు మీద కూర్చుంటే పిల్లకు కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి. నేను పక్కన నడుస్తూ ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు పట్టుకుని "తొక్కు, తొక్కు" అన్నాను. అది పెడల్ వైపు చూస్తూ తొక్కుతోంది, హ్యాండిల్ నేనే తిప్పుతున్నాను. పది నిమిషాల తర్వాత వచ్చేసిందనుకుని వదిలాను. మూడు గజాలు కూడా పోకుండానే పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. నేను దగ్గరికి వెళ్ళి, సిగ్గుగా ఉంది చెప్పడానికి, "ఇంత చిన్న విషయం రాదా నీకు?" అని అరిచాను. పిల్ల ఏడవలేదు. లేచి దుమ్ము దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు సైకిల్ వంక చూడలేదు. "మామా, నాకొద్దులే" అంది.

ఆ మూడు రోజులూ నేను కూడా ఆలోచించాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ, సైకిల్ ఎందుకు నిలబడుతుందో తెలుసుకోకుండానే నేర్పబోయానని తెలిసొచ్చింది. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

సైకిల్ ఎందుకు పడిపోదు?

చీపురు కట్టను తలకిందులుగా అరచేతిలో నిలబెట్టే ఆట మనందరం ఆడాం. చీపురు కుడికి ఒరిగితే చేతిని కుడికే జరుపుతాం. ఎడమకు ఒరిగితే ఎడమకు జరుపుతాం. ఎటు పడబోతే అటే అడుగుభాగాన్ని తీసుకెళ్తే మళ్ళీ నిలబడుతుంది. సైకిల్ కూడా అంతే. కుడికి ఒరిగినప్పుడు హ్యాండిల్ కాస్త కుడికి తిప్పితే చక్రాలు మన బరువు కిందికి వచ్చి సైకిల్ మళ్ళీ లేస్తుంది. సైకిల్ తొక్కేవాడు ప్రతి క్షణం తెలియకుండానే ఈ పని చేస్తుంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ సైకిల్ పాములా వంకరగా పోతుంది చూడండి, అది ఇందుకే. వాళ్ళు ఎక్కువగా తిప్పుతారు, అలవాటైనవాళ్ళు తక్కువగా తిప్పుతారు. తిప్పడం మాత్రం ఇద్దరికీ తప్పదు.

కావాలంటే హాస్టల్ గ్రౌండులో ఒక పరీక్ష చేయండి. ఖాళీ సైకిల్‌ను నెట్టుకుంటూ పరుగెత్తి వదిలేయండి. మనిషి లేకుండానే కొంత దూరం పోతుంది. ఎటు ఒరిగితే హ్యాండిల్ దానంతట అదే అటు తిరగడం గమనించండి. ఇప్పుడు హ్యాండిల్ కదలకుండా తాడుతో బిగించి కట్టి అలాగే నెట్టండి. వెంటనే పడిపోతుంది. (పాత సైకిల్‌తోనే చేయండి. కమాటి అన్నకు చెప్పి చేయండి!)

తిరిగే చక్రాల గైరోస్కోపిక్ ప్రభావం వల్లే సైకిల్ నిలబడుతుందని చాలామంది చెబుతారు. డేవిడ్ జోన్స్ అనే ఆయన ఆ ప్రభావాన్ని రద్దు చేసేలా ముందు చక్రం పక్కన ఎదురు దిశలో తిరిగే ఇంకో చక్రం పెట్టి సైకిల్ తయారు చేశాడు. దాన్ని కూడా మామూలుగానే తొక్కగలిగాడు. ఈ విషయాన్ని 1970లో ప్రచురించాడు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు కలిసి గైరోస్కోపిక్ ప్రభావం రద్దు చేసి, హ్యాండిల్ వాలు వల్ల వచ్చే సాయం కూడా లేని ఒక చిన్న రెండు చక్రాల బండి చేశారు. అది కూడా తనంతట తాను నిలబడి పోయింది. అంటే ఈ రెండింటిలో ఏదీ తప్పనిసరి కాదన్నమాట. కానీ ఒరిగినవైపు హ్యాండిల్ తిరగడం మాత్రం అన్నింటిలోనూ కనబడుతుంది.

ఇప్పుడు నా తప్పు మీకు అర్థమై ఉంటుంది. పిల్ల నేర్చుకోవలసింది పెడల్ తొక్కడం కాదు. అది మూడు చక్రాల బండి మీద ఎప్పుడో వచ్చింది. నేర్చుకోవలసింది ఒరిగినవైపు హ్యాండిల్ తిప్పడం. ఆ హ్యాండిల్‌ను నేను గట్టిగా పట్టుకున్నాను. అంటే నేర్చుకోవలసిన ఒక్క పనినీ నేనే చేసేసి, పిల్లకు రాలేదని అరిచానన్నమాట.

సైడు చక్రాల సంగతి

వెనక చక్రానికి రెండువైపులా చిన్న చక్రాలు బిగిస్తే పిల్లలు పడరు, నిజమే. కానీ ఆ సైకిల్ ఒరగదు. ఒరగనప్పుడు ఒరిగినవైపు తిప్పడం ఎలా వస్తుంది? ఏడాదిపాటు సైడు చక్రాలతో తొక్కిన పిల్లలు కూడా అవి తీసేసిన రోజు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి రావడానికి కారణం ఇదే. వాటితో పెడల్ తొక్కడం వస్తుంది, సరదా తీరుతుంది. బ్యాలెన్స్ మాత్రం రాదు.

ఎలాంటి సైకిల్ కావాలి?

సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. నేర్చుకునేటప్పుడు ఇది మొదటి నియమం. కాళ్ళు ఆనితే "పడబోతే ఆపుకోగలను" అనే ధైర్యం పిల్లల్లో ఉంటుంది. ఆ ధైర్యం లేనప్పుడు ఒళ్ళు బిగుసుకుపోతుంది, బిగుసుకుపోయిన చేతులు హ్యాండిల్ తిప్పలేవు. నేర్చుకున్నాక సీటు కొద్దికొద్దిగా పైకి లేపవచ్చు.

సాధారణంగా ఐదారేళ్ళ పిల్లలకు 16 అంగుళాల చక్రాలు, ఏడెనిమిదేళ్ళ వారికి 20 అంగుళాల చక్రాలు సరిపోతాయి. అయితే వయసు కంటే ఎత్తు చూడటం మంచిది. మా బావను ఒప్పించి ఆ 20 అంగుళాల సైకిల్ తిరిగి ఇచ్చేసి 16 అంగుళాలది తెచ్చుకున్నాం. దుకాణంలో పెద్దాయన నవ్వి "పెద్ద చొక్కా తొడుక్కుంటే చేతులు మడుచుకోవచ్చు. పెద్ద సైకిల్‌కు ఏం మడుస్తావయ్యా?" అన్నాడు. మా బావ దానికి జవాబు చెప్పలేకపోయాడు.

పాత సైకిల్ కొనడంలో తప్పేమీ లేదు. అయితే ఇవి చూసుకోండి: హ్యాండిల్ వదులుగా ఊగకూడదు. బ్రేకులు పిల్ల వేళ్ళకు అందాలి, నొక్కితే చక్రం ఆగాలి. చైన్ కవర్ ఉండాలి. టైర్లు పగిలి ఉండకూడదు. హ్యాండిల్ చివర రబ్బరు గ్రిప్పులు తప్పకుండా ఉండాలి, అవి లేకపోతే పడినప్పుడు ఇనుప గొట్టం పొట్టలో గుచ్చుకుంటుంది.

ఎక్కడ, ఎప్పుడు?

గట్టిగా, చదునుగా ఉండే నేల కావాలి. ఇసుకలో, మెత్తని మట్టిలో సైకిల్ ముందుకు పోదు. స్కూలు గ్రౌండు, పంట లేనప్పుడు కళ్ళం, గుడి ముందు ఖాళీ స్థలం బాగుంటాయి. కొద్దిపాటి వాలు ఉంటే ఇంకా మంచిది, తొక్కకుండానే సైకిల్ కదులుతుంది. దగ్గర్లో బావి, చెరువు, కంచె, రోడ్డు ఉండకూడదు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ముందే ఊడ్చేయండి.

పొద్దున్నే గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట చాలు. పిల్ల ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయాలి. విసుగొచ్చాక ఆపితే రేపు రాదు. చుట్టూ చేరి నవ్వేవాళ్ళు లేని సమయం చూసుకోండి.

పెడళ్ళు తీసేయండి

ఇది వింతగా అనిపిస్తుంది గానీ అన్నింటికంటే బాగా పనిచేసింది ఇదే. మొదటి కొన్ని రోజులు రెండు పెడళ్ళూ తీసేయాలి. 15 నంబరు స్పానరుతో వస్తాయి. కుడి పెడల్ మామూలు మరలాగే విప్పాలి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. తొక్కేటప్పుడు దానంతట అది ఊడిపోకుండా అలా చేస్తారు. గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది: స్పానరును పైకి నిలబెట్టి సైకిల్ వెనక చక్రం వైపు తిప్పితే రెండూ విడతాయి, ముందు చక్రం వైపు తిప్పితే రెండూ బిగుస్తాయి. రాకపోతే సైకిల్ షాపులో తీసిస్తారు.

చరిత్ర చూస్తే సైకిల్ కూడా ఇలాగే పుట్టింది. 1817లో జర్మనీకి చెందిన కార్ల్ వాన్ డ్రైస్ తయారు చేసిన మొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు. దాని మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయేవారు. పెడళ్ళు ముందు చక్రానికి వచ్చింది 1860లలో. చైన్‌తో వెనక చక్రం తిరిగే, ఇప్పటి మన సైకిల్‌ను పోలిన రోవర్ సైకిల్‌ను ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చింది 1885లో. గాలి టైరును డన్‌లప్ చేసింది 1888లో. మనుషులు ముందు బ్యాలెన్స్ చేశారు, తర్వాతే తొక్కారు. పిల్లల చేత కూడా అదే వరుసలో చేయిద్దాం.

మొదటి రోజు: సీటు మీద కూర్చుని కాళ్ళతో నడవడం. అంతే. హ్యాండిల్ వాళ్ళిష్టం, మనం ముట్టుకోకూడదు.

రెండు మూడు రోజులు: పెద్ద అంగలు వేయడం, తర్వాత కప్పలా రెండు కాళ్ళతో ఒకేసారి తన్నడం. తన్నాక కాళ్ళు పైకెత్తి ఎంతసేపు పోగలదో అంకెలు లెక్కపెట్టాలి. మా మేనకోడలు మొదట "ఒకటి" అనేలోపే కాళ్ళు దించేసింది. మూడో రోజు సాయంత్రానికి "ఏడు" దాకా వచ్చింది. ఆ ఆటలో పడి భయం సంగతే మర్చిపోయింది.

ఆ తర్వాత: కాళ్ళు ఎత్తిపెట్టి పది లెక్కపెట్టేదాకా పోవడం, అలా పోతూ కొంచెం వంపు తిరగడం. ఇది వచ్చిందంటే సైకిల్ వచ్చినట్లే. కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి రెండు వారాలు. పక్కింటి పిల్లవాడితో పోల్చకండి.

బ్రేకు ముందు, పెడల్ తర్వాత

మనలో చాలామందికి మొదట తొక్కడం వచ్చింది, తర్వాత ఆపడం వచ్చింది. మధ్యలో ఏం జరిగిందో మన మోకాళ్ళను అడిగితే చెబుతాయి. అందుకని పెడళ్ళు పెట్టకముందే బ్రేకు నేర్పాలి. ముందు సైకిల్ పక్కన నడుస్తూ, నేను "ఆపు" అనగానే బ్రేకు నొక్కమన్నాను. తర్వాత కాళ్ళు ఎత్తి పోతున్నప్పుడు, నేల మీద గీసిన గీత దగ్గర ఆగమన్నాను. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిల్ వెనక భాగం లేచి మనిషి ముందుకు పడే ప్రమాదం ఉంది. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కడం అలవాటు చేయాలి.

ఎక్కడ పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి?

పది లెక్కపెట్టేదాకా పోగలిగాక పెడళ్ళు బిగించండి. ఒక పెడల్‌ను ముందువైపు కాస్త పైకి పెట్టాలి. గడియారంలో రెండు గంటలప్పుడు చిన్న ముల్లు ఉండే చోటని చెప్పుకోవచ్చు. ఆ పెడల్ మీద బలంగా తొక్కి, రెండో కాలితో నేలను తన్ని బయల్దేరాలి. కళ్ళు పెడల్ మీద కాదు, దూరంగా ఉన్న ఒక చెట్టు మీద ఉండాలి. ఎటు చూస్తే సైకిల్ అటు పోతుంది. రాయిని చూస్తూ "రాయి, రాయి" అనుకుంటే రాయి మీదికే పోతుంది.

హ్యాండిల్ పట్టుకోకూడదని చెప్పాను కదా. సీటు గట్టిగా పట్టుకున్నా సైకిల్ ఒరగదు, పిల్లకు ఏమీ తెలియదు. పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించడమో, చంకల కింద చేతులు వదులుగా పెట్టడమో మంచిది. అప్పుడు సైకిల్ పిల్ల చేతిలోనే ఉంటుంది. నిజంగా పడబోతే మనిషిని పట్టుకోవచ్చు, సైకిల్ పడితే పడనీ.

ఇక వదలడం. "పట్టుకున్నాను" అని చెప్పి వదిలేయడం మన దగ్గర అందరూ చేసే పని. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. కానీ వెనక్కి తిరిగి చూసిన రోజు పిల్ల పడుతుంది, మన మాట కూడా పడుతుంది. నా మోకాలి మచ్చ గుర్తుకొచ్చి నేను ఆ అబద్ధం ఆడదలచుకోలేదు. ఆరో రోజు సాయంత్రం మా మేనకోడలితో "బుజ్జీ, మూడు అనగానే చెయ్యి తీసేస్తాను. పక్కనే పరుగెత్తుతుంటాను. పడబోతే కాళ్ళు దించు, బ్రేకు నీకు వచ్చు" అన్నాను. "తీసేయకు మామా" అంది. "సరే, నువ్వు చెప్పినప్పుడే తీస్తాను" అన్నాను. నాలుగు రౌండ్లు అలాగే తిరిగాం. ఐదో రౌండులో తనే "ఇప్పుడు తియ్యి" అంది. తీశాను. గ్రౌండు చివరి వేపచెట్టు దాకా వెళ్ళి, బ్రేకు వేసి, కాళ్ళు ఆనించి, అప్పుడు వెనక్కి చూసింది.

చేతి సాయం ఎప్పుడు ఆపాలో నేర్చుకునేవాళ్ళను చెప్పనిస్తే మంచిదని నాకు అప్పుడు తెలిసింది.

దెబ్బలు తగిలితే

ఎంత జాగ్రత్తగా నేర్పినా ఒకటి రెండు గీతలు తప్పవు. గాయాన్ని శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగాలి. పసుపు, కాఫీపొడి, మట్టి వంటివి పెట్టకూడదు. ధనుర్వాతం టీకా సరిగా వేయించి ఉన్నారో లేదో పి.హెచ్.సి.లో గానీ, ఏ.ఎన్.ఎం. అక్కను గానీ అడిగి తెలుసుకోండి. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, మత్తుగా ఉన్నా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. హెల్మెట్ కొనగలిగితే తప్పకుండా కొనండి. వదులు ప్యాంటు కాళ్ళు, చున్నీ, పొడుగు గౌను చైన్‌లో, చక్రంలో పడకుండా ముడివేయాలి. చెప్పులు జారతాయి కాబట్టి బూట్లు గానీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ వేయాలి.

ఇంకో మాట. చిన్నపిల్లలను పెద్ద సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ పాదాలు పుల్లల్లో పడి మడమలు నలిగే ప్రమాదం ఉంది. పాదాలు అటు పోకుండా వెనక చక్రానికి జాలీ బిగించాలి. అది లేకుండా కూర్చోబెట్టకండి.

సైకిల్ వచ్చినంత మాత్రాన రోడ్డు మీదికి పంపకూడదు. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకోవడం, పడిపోకుండా వెనక్కి చూడటం, ఎడమవైపు నడపడం, మలుపు దగ్గర ఆగడం, ఇవన్నీ వచ్చాక, మొదట పెద్దవాళ్ళు వెంట ఉండి తీసుకెళ్ళాలి.

సైకిల్ వల్ల ఏమొస్తుంది?

మా అక్క ఏడో తరగతిలో ఆగిపోయింది. మా ఊళ్ళో బడి అంతవరకే. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. అప్పట్లో బస్సు లేదు. మగపిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళారు, ఆడపిల్లలు ఇళ్ళలో ఉండిపోయారు. నన్ను హాస్టల్లో వేశారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే అని అందరూ మెచ్చుకుంటారు. మా అక్క లెక్కల్లో నాకంటే చురుకు. ఆమెకూ బడికీ మధ్య ఉన్నది ఐదు కిలోమీటర్ల దూరం మాత్రమే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఆ పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఈ విషయంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉన్న తేడా 40 శాతం తగ్గిందని వారు 2017లో ప్రచురించారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఎక్కువ మేలు జరిగింది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిల్ కూడా నేర్పారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. అక్షరంతో పాటు సైకిల్ కూడా నేర్పాలని వాళ్ళు ఎందుకనుకున్నారో మా అక్కను చూస్తే నాకు అర్థమవుతుంది.

మేం నేర్చుకుంటున్నన్ని రోజులూ మా అక్క గ్రౌండు గట్టున కూర్చుని చూసేది. పిల్ల వేపచెట్టు దాకా వెళ్ళిన రోజు రాత్రి, అన్నం పెడుతూ "ఏరా, నా వయసులో వస్తుందా?" అని అడిగింది. బావ సైకిల్ సీటు కిందికి దించాం. పెడళ్ళు విప్పాం. జనం లేవకముందే ఐదింటికి గ్రౌండుకు వెళ్ళేవాళ్ళం. పద్ధతి అదే, ఒక్క తేడా కూడా లేదు. నా సెలవులు అయిపోయేనాటికి కాళ్ళు ఎత్తి పది లెక్కపెట్టేదాకా వచ్చింది. మిగతాది మేనకోడలు నేర్పిందట. ఇప్పుడు మా అక్క డ్వాక్రా మీటింగుకు సైకిల్ మీదే వెళ్తోందని బావ ఫోన్లో చెప్పాడు. ఆయన గొంతులో కొంచెం గర్వం, కొంచెం ఆశ్చర్యం వినిపించాయి.

చివరగా ఒక మనవి

మన హాస్టల్లో ఐదో తరగతిలో చేరే తమ్ముళ్ళు ఇప్పటికీ పెద్ద సైకిళ్ళ మీదే నేర్చుకుంటున్నారని విన్నాను. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని 20 అంగుళాల సైకిళ్ళు రెండు, ఒక స్పానరు, ఒక గాలి పంపు హాస్టల్‌కు ఇస్తే బాగుంటుంది. పాతవైనా ఫరవాలేదు. నా వంతు డబ్బు వార్షికోత్సవం రోజున వార్డెన్ సార్ చేతికి ఇస్తాను. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు ఆదివారాలు చిన్నవాళ్ళకు నేర్పే బాధ్యత తీసుకోవాలి.

నేర్పేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. హ్యాండిల్ వాళ్ళకే వదలండి. పడినప్పుడు అరవకండి. చెయ్యి తీసేసి, పట్టుకున్నానని చెప్పకండి.